ఐసీయూలో అత్తయ్య, బయట మేము

బైపాస్ అనగానే ఊళ్ళో అందరి దగ్గరా ఒక లెక్క సిద్ధంగా ఉంటుంది. "రెండు మూడు రోజులు ఐసీయూ, ఓ వారం ఆస్పత్రి, రెండు నెలలు ఇంట్లో జాగ్రత్త, అంతే. మా బావగారైతే ఇరవయ్యో రోజుకి బజారుకెళ్ళి కూరలు తెచ్చుకున్నారు." మా అత్తయ్యకి ఆపరేషన్ అని తెలిసిన దగ్గర్నుంచీ ఇలాంటి బావగార్ల కథలు ఓ డజను విన్నాం. అవన్నీ నిజమే అయి ఉంటాయి, చాలామందికి అలాగే జరుగుతుంది కూడా. మా అత్తయ్య మాత్రం ఐసీయూలోనే ఇరవై ఏడు రోజులున్నారు.

దీని గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. బాగైపోయి వచ్చినవాళ్ళ కథ చెప్తారు, పోయినవాళ్ళ కథా చెప్తారు. ఇటూ అటూ కాకుండా మధ్యలో ఆగిపోయినవాళ్ళ సంగతి, వాళ్ళకోసం అద్దం తలుపు బయట కూర్చున్న ఆడవాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు.

మాది తెనాలి. అత్తయ్యకి అరవై ఆరేళ్ళు, షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఆయాసం వస్తోందంటే ఇక్కడి డాక్టరుగారు ఈసీజీ తీసి బెజవాడ పంపారు. యాంజియోగ్రామ్‌లో మూడు రక్తనాళాలూ మూసుకుపోయాయని, స్టెంట్లతో అయ్యే పని కాదని తేలింది. కాలిలోంచి ఒక నరం, రొమ్ము లోపలి నుంచి ఒక రక్తనాళం తీసుకుని అడ్డంకి దాటించి అతుకుతారట. ఎదురొమ్ము ఎముకని నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారట. మావయ్యగారు రిటైరైన తెలుగు మాస్టారు. డాక్టరు చెప్పిందంతా విని, "అంటే కాలువకి గండి కొట్టి పక్కనుంచి కొత్త కాలువ తవ్వడం" అన్నారు. డాక్టరుగారు నవ్వి, అంతేనన్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున్న నర్సు వచ్చి నగలు, పళ్ళసెట్టు, కళ్ళజోడు, బొట్టు అన్నీ తీసెయ్యమంది. అన్నీ ఇచ్చారు గానీ మంగళసూత్రం దగ్గర ఆగిపోయారు. "ఎద దగ్గరే కదమ్మా కొయ్యాలి, ఉంచకూడదు" అని ఆ అమ్మాయి మెల్లిగా చెప్పింది. అత్తయ్య తనే తీసి, కళ్ళకద్దుకుని, జేబురుమాల్లో మూటకట్టి నా చేతిలో పెట్టారు. "నీ దగ్గరే ఉంచమ్మాయ్. వాడికివ్వకు, ఎక్కడో పెట్టి మర్చిపోతాడు" అన్నారు. వాడంటే మా వారు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మర్నాడు నోట్లో గొట్టం తీసేస్తామన్నారు. తియ్యలేదు. మూడోరోజు గుండె లయ తప్పింది. గుండె ఆపరేషన్ తర్వాత ఇది చాలామందికి వస్తుంది, మందుతో సర్దుకుంటుందన్నారు. సర్దుకుంది కూడా. అంతలోకి మూత్రం తగ్గిపోయింది, క్రియాటినిన్ పెరిగింది, ఒళ్ళంతా నీరు పట్టింది. అయిదోరోజు డయాలసిస్ పెట్టారు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఏడోరోజు. ఒకటి దారికొచ్చిందనుకునే లోపల ఇంకొకటి మొదలవుతుంటే, ఇంతకీ గుండె ఎలా ఉందని అడిగాను ఒకరోజు. "గుండె బాగుందమ్మా, గుండెకేం ప్రాబ్లమ్ లేదు" అన్నారు డ్యూటీ డాక్టరు. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రోజుకొకసారి, పదకొండింటికి, కుటుంబంలో ఒకరిని లోపలికి పిలిచి మాట్లాడతారు. మొదటి నాలుగు రోజులూ "ఎలా ఉన్నారు డాక్టర్?" అని అడగడం, "స్టేబుల్" అని వాళ్ళనడం, ఆ ఒక్కమాట పట్టుకుని బయటికొచ్చి పదిమందికి పంచడం. స్టేబుల్ అంటే బాగున్నట్టని మా వాళ్ళు, మార్పు లేదని ఆస్పత్రివాళ్ళు. మా పెద్దమ్మ మనవడొకడు గుంటూరులో హౌస్ సర్జన్ చేస్తున్నాడు. వాడు ఫోన్లో చెప్పాడు: "పిన్నీ, ఎలా ఉన్నారని అడక్కు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటని అడుగు. ఊపిరి మిషన్ ఎంత ఇస్తోంది, ఆవిడంతట ఆవిడ ఎంత తీసుకుంటున్నారో అడుగు. మూత్రం ఎంతొచ్చిందో అడుగు. రేపు ఏం ప్రయత్నిస్తారో అడుగు." ఆ మర్నాటి నుంచి డాక్టరుగారి మాట తీరే మారింది. అడిగితే చెప్పేవాళ్ళే. ఇంట్లోంచి రోజుకొకరు వెళ్ళడం కూడా మానిపించి, నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. లేకపోతే మా వారు విన్నదొకటి, మా మరిది విన్నదొకటి.

ఈ ఊపిరి మిషన్ల కథ కూడా వాడే చెప్పాడు. 1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడితే, ఊపిరి అందని పిల్లల గొంతులో గొట్టం పెట్టి, రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ గాలి అందించారట. సుమారు పదిహేనువందల మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు నొక్కారట. ఆ పద్ధతి పెట్టిన ఇబ్సెన్ అనే డాక్టరే తర్వాత ఐసీయూకి ఆద్యుడయ్యాడట. రాత్రి రెండింటికి ఇనుప కుర్చీలో కూర్చుని ఇది తల్చుకుంటుంటే, లోపల యంత్రం చేస్తున్న పని ఒకప్పుడు మనుషుల చేతులు చేశాయన్నది నాకెందుకో ధైర్యంగా అనిపించేది.

ఆ హాలు గురించి చెప్పాలి. మూడేసి కుర్చీలు కలిపి బిగించి ఉంటాయి, మధ్యలో చేతులు అడ్డం కాబట్టి పడుకోవడానికి లేదు. నాలుగోరోజుకల్లా ఎవరి గోడ వాళ్ళకి కుదిరిపోతుంది. నా పక్కన చీరాల నుంచి వచ్చిన ఆవిడ, భర్తకి వాల్వు మార్చారు. ఎదురుగా నూజివీడు వైపు నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు. పేర్లు అడగడం కన్నా ముందు బెడ్ నంబర్లు అడుగుతాం. నేను ఆరో నంబరు, చీరాలావిడ తొమ్మిది. సెక్యూరిటీ అబ్బాయి తలుపు తీసి "బెడ్ నంబర్..." అనగానే హాలంతా లేచి నిలబడుతుంది. నంబరు పూర్తిచేసే లోపల ఆ ఒక్క క్షణం ఎంత పొడుగో అక్కడ కూర్చున్నవాళ్ళకే తెలుసు. చాలాసార్లు మందుల చీటీ కోసమే పిలుస్తారు. ఒక తెల్లవారుజామున "తొమ్మిది" అన్నప్పుడు అది చీటీ కోసం కాదు. ఆవిడ చెప్పులు వేసుకోకుండానే లోపలికి వెళ్ళిపోయింది. ఆ చెప్పులు సాయంత్రం దాకా నా కుర్చీ కిందే ఉన్నాయి, వాళ్ళ తమ్ముడొచ్చి పట్టుకెళ్ళాడు.

చుట్టాలొస్తారు. యాపిల్ పళ్ళు తెస్తారు. మిషన్ మీదున్న మనిషికి యాపిల్ పళ్ళెందుకో నాకర్థం కాదు, హాలులో ఉన్న మేమే కోసుకుని తిన్నాం. కొందరు వస్తూనే మా పక్కింటాయన ఇలాగే నెల్లాళ్ళుండి పోయారని మొదలుపెడతారు. మా చిన్నత్తగారు మాత్రం ఒక్కమాట మాట్లాడకుండా ఫ్లాస్కులో చారు, డబ్బాలో పెరుగన్నం పెట్టి, నా మాసిన బట్టలు తీసుకుని వెళ్ళిపోయేవారు. అలాంటి మనిషి ఒక్కరుంటే చాలు.

డబ్బు సంగతి ఎక్కువ రాయను. అయిదు లక్షల పాలసీ పదోరోజుకి అయిపోయింది. తర్వాత మా వారి పీఎఫ్, మావయ్యగారి డిపాజిట్లు, నా గాజులు. డాలస్ నుంచి మా ఆడపడుచు డబ్బు పంపింది. డబ్బుతోపాటు అర్ధరాత్రి వంద ప్రశ్నలూ పంపేది. మొదట విసుగొచ్చేది. ఒకరోజు వీడియోలో వెనకాల వంటింట్లో అంట్లన్నీ గుట్టగా పడున్నాయి. ఎప్పుడూ అద్దంలా పెట్టుకునే ఇల్లు అది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తాను.

ఖర్చులు రాయడానికి కొన్న లాంగ్ నోట్‌బుక్‌లో ఎడమపేజీ లెక్కలు, కుడిపేజీ డాక్టరు చెప్పినవీ. మెల్లిగా కుడిపేజీలోకి ఇంకేవేవో చేరాయి. "9వ రోజు. మిషన్ సగం తగ్గించి చూశారు, గంటన్నర తట్టుకున్నారు. గోళ్ళు పెరిగాయి, రేపు అడిగి తియ్యాలి. పెరట్లో నిమ్మచెట్టు పూసిందని చెవిలో చెప్పాను."

పదకొండోరోజు ట్రాకియాస్టమీ మాట వచ్చింది. మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి అక్కణ్ణించి గొట్టం పెడతారు. ఈ మాట హాల్లోకి రాగానే మా వాళ్ళ మొహాలు మాడిపోయాయి. గొంతు కోశాక ఇంక మనిషి దక్కదన్నారొకరు. మాట శాశ్వతంగా పోతుందన్నారొకరు. మా వారు కిటికీ దగ్గరకెళ్ళి నిలబడ్డారు, ఆయన తీరంతే. మావయ్యగారు నావైపు తిరిగి, "నువ్వు రోజూ మాట్లాడుతున్నావు కదమ్మా, నువ్వేమంటావు?" అన్నారు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో పెద్ద విషయానికి నన్నలా అడగడం అదే మొదలు.

నేను డాక్టరుగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఇది ఎప్పటికీ ఉంటుందా? మాట వస్తుందా? చెయ్యకపోతే ఏమవుతుంది? ఆయన నిలబడే చెప్పారు గానీ ఓపిగ్గా చెప్పారు. నోట్లో గొట్టం ఎన్నాళ్ళో ఉంచకూడదు, గొంతు లోపల పుండ్లు పడతాయి. అది ఉన్నంతకాలం మత్తు ఇస్తూనే ఉండాలి. మెడ దగ్గరైతే మత్తు తగ్గించొచ్చు, నోరు శుభ్రం చెయ్యొచ్చు, కఫం తియ్యడం తేలిక, ఊపిరి అలవాటు చెయ్యడమూ తేలిక. మనిషి కోలుకున్నాక గొట్టం తీసేస్తే మామూలుగా రంధ్రం దానంతటదే పూడుకుపోతుంది, మాట వస్తుంది. "గ్యారంటీ ఇవ్వలేను. కానీ ఇది దారి మూసెయ్యడం కాదు" అన్నారు. అదే వచ్చి చెప్పాను. చేయిద్దామనీ అన్నాను. మావయ్యగారు సంతకం పెట్టారు. ముప్ఫైమూడేళ్ళు పిల్లలకి చేతిరాత దిద్దించిన చెయ్యి ఆ కాగితం మీద గీతదాటి పోయింది. ఆ రోజే ఆయనకి బీపీ పెరిగితే తెనాలి పంపించేశాం, ఇంక రావద్దన్నాం.

మత్తు తగ్గించాక అత్తయ్య కళ్ళు తెరిచారు. మేమంతా సంతోషించాం, రెండురోజులు. తర్వాత తెలిసింది, తెరిచిన కళ్ళు మమ్మల్ని చూడటం లేదని. పైకప్పుకేసి చూసి బెదిరేవారు. నర్సు చెయ్యి విసిరికొట్టేవారు. గొట్టం లాక్కోబోతున్నారని చేతులు మెత్తటి గుడ్డతో మంచానికి కట్టారు. డెలీరియం అంటారట దీన్ని, ఐసీయూలో రోజుల తరబడి ఉన్నవాళ్ళకి, అందులో పెద్దవాళ్ళకి తరచూ వచ్చేదే. రాత్రీ పగలూ ఒకటే దీపాలు, ఒకటే చప్పుళ్ళు, మందులు, ఇన్ఫెక్షన్, నిద్రలేకపోవడం, అన్నీ కలిసి మనసు దారి తప్పుతుంది. పిచ్చి కాదని, మెల్లిగా తగ్గుతుందని చెప్పారు. కళ్ళజోడు తెచ్చి పెట్టమన్నారు, రోజు, వారం, ఊరు చెప్తుండమన్నారు. కళ్ళజోడు పెట్టాక చూపులో కొంచెం తేడా వచ్చింది.

పదహారోరోజుకి కొత్త సమస్య. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది: "బెదరడం తగ్గిందండీ, కానీ అస్సలు సహకరించట్లేదు. ఊపిరి తియ్యమంటే మొహం తిప్పేసుకుంటున్నారు." లోపలికి వెళ్ళి చూశాను. నిజమే. కళ్ళలో మనిషి ఉంది, కానీ ఏదీ అక్కర్లేని మనిషి. మావయ్యగారు ఇంటి దగ్గర బాగానే ఉన్నారత్తయ్యా అన్నాను. గోడవైపు తిరిగిపోయారు. కంటి పక్కనుంచి నీళ్ళు చెవిలోకి కారాయి.

నర్సు కట్టు విప్పి చెయ్యి తుడుస్తోంది. వదలగానే ఆ చెయ్యి మెడ దగ్గరకి వెళ్ళింది. నర్సు పట్టుకోబోయింది. ఒక్క నిమిషం ఉండమన్నాను. చెయ్యి గొట్టం జోలికి పోలేదు. దాని కిందుగా, ఎద మీద, దేనికోసమో వెతుకుతోంది. అక్కడ లేకపోతే పైకి లేచి నుదురు తడిమింది. తర్వాత రెండో చేతి మణికట్టు.

నాకు ఒళ్ళు జలదరించింది. మెళ్ళో సూత్రం లేదు, నుదుట బొట్టు లేదు, చేతులకి గాజుల్లేవు. ఎన్నాళ్ళనుంచి పడుందో తెలియదు. వచ్చేవాళ్ళంతా మొహానికి గుడ్డలు కట్టుకుని వచ్చి పోతున్నారు, భర్త మాత్రం రావడం లేదు. "ఇంటి దగ్గర బాగానే ఉన్నారు" అంటోంది కోడలు. చావు దాచిపెట్టే ఇంట్లో ఎవరైనా అనేమాట అదే కదా. మా అత్తయ్య తన కళ్ళెదుట ఉన్నవన్నీ కూడుకుని ఒక లెక్క తేల్చేసుకున్నారు. ఆ లెక్క ప్రకారం ఇంక ఊపిరి తియ్యడానికి కారణం లేదు. ఆస్పత్రిలో అందరూ ఆ చేతిని గొట్టం లాగే చెయ్యిగానే చూశారు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళు చూడాల్సింది గొట్టాన్నే.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. మావయ్యగారు సాయంత్రం పాసింజరెక్కి వచ్చారు. చూసే వేళ దాటిపోయింది. శ్రీకాకుళం అమ్మాయి, ఆ రాత్రి నర్సు, సంగతి విని ఒక్కమాట కూడా అడ్డం చెప్పకుండా డాక్టరు దగ్గరికెళ్ళి అయిదు నిమిషాలు అనుమతి తెచ్చింది. మావయ్యగారికి గౌను తొడిగి, టోపీ పెట్టి, మాస్కు కట్టి పంపితే అత్తయ్య ఆయన్నీ ఇంకో డాక్టరే అనుకున్నారు. "ఏమే" అన్నారాయన. కళ్ళు తిరిగాయి. ఆయనకేం మాట్లాడాలో తోచలేదు. నలభైనాలుగేళ్ళ కాపురంలో ఆవిడతో ఆయన మాట్లాడిందంతా ఇంటి సంగతులే. "పాలవాడు పదిహేను లీటర్లంటున్నాడు. నువ్వు లేనప్పుడు అన్నెందుకు పోయించుకున్నాం? నువ్వొచ్చి తేల్చాలి" అన్నారు. అత్తయ్య చెయ్యి చాపారు. ఆయన చెయ్యి పట్టుకోలేదు, ముందు మణికట్టు మీద పాత హెచ్‌ఎంటీ గడియారం తడిమారు. దాని బెల్టు ఒకచోట తెగితే తనే దారంతో కుట్టారు. ఆ కుట్టు దొరికేదాకా తడిమారు.

నా నుదుట ఉన్న బొట్టుబిళ్ళ తీసి నర్సు వైపు చూశాను. తల ఊపింది. అత్తయ్యకి పెట్టాను. సూత్రం పెట్టడం కుదరదంది గానీ, రుమాలు మూట విప్పి కళ్ళముందు ఆడించి చూపించాను. చూసి కళ్ళు మూసుకున్నారు. ఆ రాత్రి నాలుగు గంటలు నిద్రపోయారని నోట్‌బుక్‌లో ఉంది.

దీనివల్లే నయమైందని చెప్పను. అంతకుముందు రోజే యాంటీబయాటిక్ మార్చారు, జ్వరం దిగుతోంది. మూత్రపిండాలు కూడా ఆ వారంలోనే తేరుకున్నాయి, డయాలసిస్ ఆపారు. డాక్టర్లు చెయ్యాల్సింది వాళ్ళు చేశారు. నేను చెప్పేది ఇంతే, మర్నాటినుంచి ఫిజియోథెరపీ అమ్మాయి ఊపిరి తియ్యమంటే తీశారు. మావయ్యగారిని మళ్ళీ తెనాలి పంపలేదు, హాల్లో నా పక్క కుర్చీ ఆయనదే.

మిషన్ లేకుండా మొదట గంట, తర్వాత మూడు గంటలు, పగలంతా, చివరికి రాత్రి కూడా. ఇరవై ఏడోరోజు వార్డుకి మార్చారు. అక్కడ మెడ గొట్టానికి మూత బిగించి చూసినప్పుడు గొంతు వచ్చింది, బొంగురుగా, బావిలోంచి వచ్చినట్టు. "ఇవాళేం వారం?" అన్నారు. గురువారం అన్నాను. నలభయ్యోరోజుకి ఇంటికొచ్చాం.

ఇంటికి రావడంతో అయిపోదండీ. కండలన్నీ కరిగిపోయి గ్లాసు ఎత్తలేకపోయేవారు. దగ్గొస్తే ఎదకి దిండు అదుముకుని దగ్గాలి, కుట్లు కదలకుండా. మూడోనెలలో జుట్టు కుచ్చులుగా ఊడింది, పెద్ద జబ్బు తర్వాత అది మామూలేనన్నారు. మైక్రోవేవ్ కూత వినపడితే ఉలిక్కిపడేవారు, దాన్ని తీసి అటకెక్కించాం. వీటికన్నా ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది ఆ రోజులు ఏమైపోయాయో తెలియకపోవడం. ఆవిడ లెక్కలో ఆవిడ ఐసీయూలో లేరు. దుగ్గిరాల స్టేషన్లో ఉన్నారు. ప్లాట్‌ఫారం మీద పడుకోబెట్టి మేమంతా రైలెక్కి వెళ్ళిపోయాం, గేటు గంట ఆగకుండా మోగుతోంది, రైలు మాత్రం రాదు. "అది కల కాదమ్మాయ్. నువ్వు కిటికీలోంచి చూశావు కూడా" అనేవారు. కాదని వాదించడం దండగ. ఒక మధ్యాహ్నం నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టాను.

డెన్మార్క్, స్వీడన్, నార్వేల్లో చాలా ఐసీయూల్లో నర్సులే మంచం పక్కన ఇలా రోజువారీ డైరీ రాసి, కోలుకున్నాక రోగికి ఇస్తారని తర్వాతెప్పుడో చదివాను. మనకి ఆ ఏర్పాటు ఎక్కడో గానీ ఉండదు. కానీ నోట్‌బుక్, పెన్ను మన దగ్గరే ఉంటాయి.

రోజుకి రెండు పేజీలు చదివించుకునేవారు. గంట మోగింది గేటు దగ్గర కాదు, మందు సీసా అయిపోయినప్పుడల్లా కూసే మిషన్ అని చెప్పాను. నిమ్మచెట్టు పూసిన సంగతి రాసిన పేజీ దగ్గర ఆపి, "ఇది విన్నాను నేను" అన్నారు. మిగతావి ఏవీ గుర్తులేవు. పదహారోరోజు పేజీ చదువుతుంటే మావయ్యగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఎడమపేజీ మొదటినుంచీ వేలు పెట్టి చూసుకుంటూ పోయి, ఒకచోట ఆగారు.

"రెండు ఇడ్లీ డెబ్బై రూపాయలా? ఎవడమ్మా ఆ హోటలువాడు?"